కేజ్‌ల్లోంచి కోళ్లను దించితే గిట్టుబాటవుతుందా?

నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర ఊరు. 4,000 గుడ్ల కోళ్లున్న చిన్న ఫారం. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దోడు మొన్న సంక్రాంతికి వచ్చి షెడ్డులో టేపు పెట్టి కొలిచాడు. 18 అంగుళాలకు 15 అంగుళాల కేజ్‌లో నాలుగు పెట్టలు. ఒక్కోదానికి ఏ4 కాగితమంత చోటు కూడా లేదు. రోజూ చూస్తున్నదే, కానీ కొలిచాక మనసు అదోలా అయిపోయింది.

యూరోపియన్ యూనియన్‌లో ఇలాంటి కేజ్‌లను 2012 నుంచే నిషేధించారు. జర్మనీలో 2022 నుంచి మగ కోడిపిల్లల్ని పుట్టగానే చంపడం కూడా కుదరదు. గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే యంత్రాలున్నాయట. వాళ్లకేం, ఎక్కువిచ్చి కొనేవాళ్లున్నారు. ఇక్కడ గుడ్డుకు పది పైసలు పెంచితే మా వ్యాపారి ఫోనే ఎత్తడు. పైగా కూరకు గుడ్డే దిక్కయిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

సగం షెడ్డులో కేజ్‌లు తీసేసి, ఊక పరిచి, గుడ్లు పెట్టడానికి గూళ్లు కట్టి చూద్దామనుకుంటున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా ఇలా చేశారా? వానల్లో ఊక తడిసి ఘాటు కొడితే ఏం చేశారు? కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోవడం ఎలా ఆపారు? నేలమీద పెట్టే గుడ్లు ఎన్ని పోతున్నాయి? విశాఖలో నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి నిలకడగా కొనేవాళ్లు దొరుకుతారా?

మా ఆవిడ మాత్రం "ముందు బ్యాంకు వాయిదా సంగతి చూడు" అంటోంది. అదీ నిజమే. మీకు వచ్చిందీ పోయిందీ లెక్కలతో చెబితే చాలు.