పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు ఫావా బీన్స్ పెట్టొచ్చా?

కువైట్‌లో_కడపోడు: నాన్నకు పార్కిన్సన్స్. సిండోపా వేసుకుంటారు. ఇక్కడ పొద్దున టిఫిన్‌కి దొరికే ‘ఫూల్’ ఫావా గింజలదే. ఆ మాత్రలోని మందే ఈ గింజలో ఉందని మా ఈజిప్టు సూపర్‌వైజర్ అంటున్నాడు. సెలవుకొచ్చేటప్పుడు తీసుకురానా? మాత్రలు తగ్గించొచ్చా?

పచ్చిమందు: ఆయన చెప్పింది నిజమే. ఆ మందు పేరు లెవోడోపా. దాన్ని 1913లో గుగ్గెన్‌హైమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ మొక్క నుంచే వేరుచేశాడు. మన దూలగొండి గింజల్లోనూ ఉందని 1937లో దామోదరన్, రామస్వామి చూపించారు. తిండిలోనే దొరికేదానికి మాత్రలెందుకు?

మందులషాపు_రాజమండ్రి: ఉంది సరే, ఎంత ఉంది? లెవోడోపా ఎక్కువ ఉండేది మొలకల్లో, లేత కాయల్లో. ఫూల్‌కి వాడేది ఎండు గింజ, అందులో బాగా తక్కువ. పైగా మాత్రలో కార్బిడోపా కూడా ఉంటుంది. మందు మెదడుకు చేరకముందే ఒంట్లో డోపమైన్‌గా (పార్కిన్సన్స్‌లో మెదడులో తగ్గిపోయే రసాయనం) మారిపోకుండా అది ఆపుతుంది. అది రాని రోజుల్లో లెవోడోపా గ్రాముల లెక్కన ఇవ్వాల్సి వచ్చేది, వాంతులతో రోగులు అల్లాడిపోయేవాళ్ళు. తమ్ముడూ, నాన్నగారు మాత్ర వేసుకుంటూ లేత కాయలు కూడా తింటే డోసు పెరిగి ఒళ్ళు దానంతటదే మెలికలు తిరగొచ్చు, లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. ఎండు గింజలైతే ఉల్టా: వాటి ప్రోటీన్ పేగుల్లో లెవోడోపాతో పోటీపడి మాత్ర సరిగా ఎక్కనివ్వదు.

ల్యాబ్_అక్క: ముందు జి6పిడి పరీక్ష చేయించండి. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళు ఫావా తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కామెర్లు వస్తాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, ప్రాణం మీదికీ రావచ్చు. ఉడికించినంత మాత్రాన ఆ భయం పోదు. లోపం మగవాళ్ళలోనే ఎక్కువ. మన చిక్కుడుకాయతో ఈ గొడవ లేదు, అది వేరే మొక్క.

పచ్చిమందు: భయపెట్టడమే తప్ప మంచి చెప్పరా? బొలీవియాలో 18 మంది రోగులకు దూలగొండి పొడి ఇచ్చి చూస్తే మాత్రకు తీసిపోలేదు. 2017లో వచ్చింది.

మందులషాపు_రాజమండ్రి: అది ఒక్కో డోసు ఇచ్చి చూసిన లెక్క. అదే బృందం తర్వాత 14 మందికి వారాల తరబడి ఇస్తే సగం మంది మధ్యలోనే మానేశారు, కొందరు కడుపు బాధతో, కొందరు కదలికలు దిగజారి. అసలు ఆ ప్రయత్నమంతా మాత్రలు కొనలేని వాళ్ళ కోసం. దొరుకుతున్న మాత్ర మానడానికి దాన్ని సాక్ష్యంగా తేకండి.

కువైట్‌లో_కడపోడు: రసాజిలిన్ అనే ఇంకో పార్కిన్సన్స్ మాత్ర కూడా రాశారు అన్నా. దాంతో ఏమైనా?

మందులషాపు_రాజమండ్రి: అయితే లేత కాయలు అసలొద్దు, బీపీ ఒక్కసారిగా పెరిగే ప్రమాదముంది. మాత్రలు మాత్రం డాక్టర్ని అడక్కుండా అరముక్క కూడా తగ్గించకు.