అమ్మకు పాత జ్ఞాపకాలు తట్టాలంటే ఏం చేయాలి?

మా అమ్మకు 74 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. నా పేరు కూడా చాలాసార్లు గుర్తుండదు. పోయిన వారం, ఒకప్పుడు తను బట్టలు కుట్టిన మిషన్ పక్కన కూర్చోబెట్టి చక్రం తిప్పితే, ఆ చప్పుడుకి తలెత్తింది. గుడ్డ అంచు వేళ్లతో సరిచేస్తూ "మెల్లగా, దారం తెగుతుంది" అంది. ఎన్నో నెలల తర్వాత తన నోట విన్న పూర్తి మాట అది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

వాసనలు మెదడులో జ్ఞాపకాలు, భావోద్వేగాలు నడిపే హిప్పోక్యాంపస్, అమిగ్డాలాలకు దగ్గరి దారిలో చేరతాయని చదివాను. కానీ ఈ జబ్బులో వాసన పట్టే శక్తి ముందుగానే తగ్గిపోవచ్చట. అమ్మ ఏళ్ల తరబడి వాడిన సబ్బు వాసన చూపించినా ఏ స్పందనా లేదు. ఇక చప్పుళ్లు, స్పర్శ, తన వయసులో విన్న పాటల మీదే దృష్టి పెట్టాలా?

ఇంకో భయం కూడా ఉంది. నాన్న పాత చొక్కా చేతికిస్తే చాలాసేపు ఏడ్చింది. మళ్లీ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. అలాంటప్పుడు మాట మార్చాలా, పక్కన కూర్చుని ఏడవనివ్వాలా? "గుర్తుందా?" అని అడగడం మానేశాను, ఆ ప్రశ్నకే కంగారుపడుతుంది. సాయంత్రాలు చిరాకు ఎక్కువ కాబట్టి పొద్దున్నే ప్రయత్నిస్తున్నాను.

ఇంట్లో ఇలాంటివారిని చూసుకున్నవాళ్లు ఉంటే, మీకు ఏది పనిచేసిందో దయచేసి చెప్పండి.