ఛ్యూఫన్‌ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఉత్తర చైనా రైతుల సామెత ఒకటి తెలుగు చేస్తున్నాను. “బైలూకి తొందర, హాన్‌లూకి ఆలస్యం, గోధుమ విత్తడానికి ఛ్యూఫనే అదను” అని దాని భావం. ఈ మూడూ చైనా వాళ్లు ఏడాదిని చేసుకున్న చిన్న భాగాల పేర్లు. సెప్టెంబర్ 22-24 మధ్య పగలూ రాత్రీ సమానమయ్యే రోజు ఛ్యూఫన్. “శరద్విషువత్తు” అని పెట్టి చదివితే రైతు మాట పోయి భూగోళం పాఠం అయింది. ఏం చేయాలండీ?

జవాబు: అర్థంలో తప్పు లేదండీ. ఛ్యూ అంటే శరత్తు, ఫన్ అంటే విభజించడం. ఆ అక్షరంలో కింద ఉన్నది కత్తి. ఆ కత్తి దేన్ని కోస్తుందన్న దగ్గరే రెండు మాటలున్నాయి. మొదటిది పగలూ రాత్రీ. “లీజీ” అనే పాత చైనా గ్రంథం ఈ నెల గురించి చెబుతూ పగలూ రాత్రీ సమంగా విడిపోతాయి, ఉరుము గొంతు తగ్గిస్తుంది, పురుగులు బొరియల వాకిళ్లు పూడ్చుకుంటాయి, నీళ్లు ఇంకడం మొదలవుతుంది అంటుంది. రెండోది ఋతువు లెక్క. వాళ్ల శరత్తు ఆగస్టు 7-8కే మొదలై నవంబర్ 7-8కి ముగుస్తుంది. దాని నడిమధ్య గీత ఛ్యూఫన్. కాబట్టి ఇంగ్లీషు పేపర్లు చూసి “శరదృతువు ఆరంభం” అని మాత్రం రాయకండి, అక్కడ అప్పటికే సగం అయిపోయింది.

మరొకరు: పంచాంగం భాషలో ఇది సాయన తులా సంక్రమణం, అంటే వసంత విషువత్తు నుంచి లెక్కిస్తే సూర్యుడు 180 డిగ్రీలకు చేరే క్షణం. మన పంచాంగాల్లో ఉండే, నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయన తుల అక్టోబర్ 17 ప్రాంతంలో వస్తుంది. పగలూ రాత్రీ సమానమైన రోజుకి త్రాసు పేరు బాగానే కుదిరింది. కానీ చైనా రైతు నోట “సాయన తుల” వినిపిస్తే ముందు నేనే నవ్వుతాను.

ఇంకొకరు: మాస్టారూ, రైతు మాటకి రైతు మాటే వెతకాలి. మనకి కార్తెలు లేవా? వాళ్లు ఏడాదిని 24 చేసుకున్నారు, ఒక్కోటి సుమారు 15 రోజులు. మనవి 27, ఒక్కోటి 13-14 రోజులు. రెండూ సూర్యుడి నడకను బట్టే. ఛ్యూఫన్ వచ్చేసరికి మనకి ఉత్తర కార్తె నడుస్తుంటుంది. “ఉత్తర చూసి ఎత్తర గంప” అన్న సామెతలో నక్షత్రం సంగతి ఎవరికి కావాలి? వాన పడిందా లేదా, ఊళ్లో ఉండాలా గంపెత్తుకుని పోవాలా, అంతే. ఛ్యూఫన్ కూడా అలాంటిదే. పేరు పేరులాగే ఉంచేయండి. అలాగని “ఉత్తర” అని మార్చకండి, మన ఉత్తరలో గోధుమ విత్తరు.

జవాబు: కార్తె నక్షత్రాన్ని బట్టి కదా, ఛ్యూఫన్‌లో నక్షత్రమే లేదే.

ప్రశ్న అడిగినవారు: సామెతలో “కార్తె” పెట్టడం లేదండీ, పేర్లు అలాగే ఉంచుతున్నాను. బైలూ అంటే తెల్లని మంచుబిందువులు, హాన్‌లూ అంటే చల్లని మంచుబిందువులు అని ముందుమాటలో ఒక ముక్క, “మన కార్తెల్లాంటివి” అని ఇంకో ముక్క. 2018 నుంచి చైనాలో రైతుల పంట పండుగ కూడా ఛ్యూఫన్ రోజునే జరుగుతోందట, అదీ అక్కడే చెప్తాను. విషువత్తుని తీసేశాను.