కారు కిటికీ అద్దం నెమ్మదిస్తే మోటారు మార్చడమేనా, ముందు కొలతలు తీసుకోవాలా?

రెండుతలుపులు:

నా దగ్గర 18 ఏళ్ల కిందటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఉంది. తలుపులకు పైన ఫ్రేమ్ ఉండదు; అద్దం అంచు నేరుగా వెళ్లి పైకప్పు రబ్బరులో కూర్చుంటుంది. కొన్ని నెలలుగా డ్రైవరు వైపు అద్దం కింది నుంచి పైదాకా ఎక్కడానికి 11 సెకన్లు తీసుకుంటోంది. చివరి జానెడు దూరంలో ఒక్కోసారి ఆగిపోతే అరచేతితో పైకి నెట్టి సాయం చేయవలసి వస్తోంది. దిగేటప్పుడు అంత ఇబ్బంది లేదు. పక్క సీటు వైపు అద్దం కూడా మునుపటంత చురుగ్గా లేదు కాని, బండికి వయసు మీద పడిందనుకుని దాన్ని పట్టించుకోలేదు.

ఒక మెకానిక్ డోర్ ప్యాడ్ విప్పి, మోటారుకు వైర్లు తగిలించే కప్లర్ ఊడదీసి, స్విచ్ నొక్కి మల్టీమీటర్ పెట్టగా 12.5 ఓల్టులు చూపించింది. కరెంటు నిక్షేపంగా వస్తోంది కనుక మోటారే పోయిందని ఆయన తేల్చారు. మోటారు, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ కలిపి మార్చడమే మేలన్నారు. ఈ నిర్ణయం సరైనదేనా, లేక ఇంకా చూడవలసినది ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పానాపట్టు:

మార్చేయండి. 18 ఏళ్లు పనిచేసిన మోటారులో, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం, వార్మ్ గేర్ దగ్గర గ్రీజు గట్టిపడడం సహజం. తీగతో లాగే రెగ్యులేటర్ అయితే ప్లాస్టిక్ కప్పీలు పెళుసెక్కి ఉంటాయి, తీగ పోగులు ఒక్కొక్కటిగా లేచి డ్రమ్ములో చుట్టుకుంటాయి. డోర్ ప్యాడ్‌ను విప్పిన ప్రతిసారీ రెండు మూడు క్లిప్పులు విరుగుతాయి, లోపలి ప్లాస్టిక్ షీటు జిగురు వదులవుతుంది. ఎలాగూ ఒకసారి విప్పారు కాబట్టి, అదే విప్పుడులో మోటారు, రెగ్యులేటర్ రెండూ మార్చుకుంటే మళ్లీ చాలాకాలం ఆ తలుపు జోలికి వెళ్లనక్కర్లేదు. మీటరు పట్టుకుని మూడు పూటలు తిరిగి, చివరికి అదే మోటారు కొన్నవారిని నేను చాలామందినే చూశాను.

రాగితీగ:

పానాపట్టు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ నిర్ణయానికి ఆధారంగా చూపిన 12.5 ఓల్టుల కొలత అసలు ఆధారమే కాదు.

కప్లర్ ఊడదీసినప్పుడు ఆ దారిలో కరెంటు ప్రవహించదు. ప్రవాహం లేనిచోట ఓల్టేజీ పతనమూ, అంటే దారిలో ఓల్టేజీ తగ్గిపోవడమూ ఉండదు. వైరులో 20 రాగి పోగులకు 19 తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటరు పూర్తి 12.5 ఓల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తాను తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అదే వైరు గుండా మోటారు 7 ఆంపియర్లు లాగవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క పోగు మోయలేదు. కాబట్టి కొలత తీసుకోవలసింది కప్లర్ బిగించి ఉండగా, మోటారు నిజంగా అద్దాన్ని ఎత్తుతూ ఉండగా. మల్టీమీటర్ సూదిని కప్లర్ వెనుక నుంచి వైరు వెంట లోపలికి దించి, ఇంజను నడుస్తుండగా స్విచ్ నొక్కి చూడాలి.

ఒక్క కొలత చాలదు, మూడు కావాలి. మోటారు రెండు వైర్ల మధ్య ఎంత ఉందో మొదటిది చెబుతుంది. బ్యాటరీ ప్లస్ కొస నుంచి మోటారుకు కరెంటు వచ్చే వైరు దాకా ఎంత పోతోందో రెండోది చెబుతుంది. మోటారు నుంచి తిరిగి వెళ్లే వైరుకూ బ్యాటరీ మైనస్ కొసకూ మధ్య ఎంత పోతోందో మూడోది చెబుతుంది. ఈ మూడూ కలిపితే బ్యాటరీ దగ్గరి ఓల్టేజీ రావాలి. రాకపోతే కొలవడంలోనే పొరపాటు జరిగినట్టు. ఎర్త్ వైపు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైపు, పతనం 0.2 ఓల్టుల చుట్టూ ఉంటే నాకు బెంగ లేదు, ఒక ఓల్టు దాటితే అక్కడే వెతుకుతాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది మాత్రం ప్రశ్నలో మొదటి పేరా చివర వచ్చిన వాక్యం: పక్క సీటు అద్దం కూడా నెమ్మదించింది. రెండు వేరు వేరు తలుపుల్లోని రెండు మోటార్లు ఒకే కాలంలో అరిగిపోవడం అసాధ్యం కాదు కాని, అలా అనుకునే ముందు ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి. ఈ వయసు బండ్లలో చాలావాటికి పక్క సీటు స్విచ్ నొక్కినప్పుడు ఆ మోటారు ఎర్త్ కూడా డ్రైవరు తలుపులో అన్ని అద్దాలనూ నడిపే మాస్టర్ స్విచ్ గుండానే తిరిగి వస్తుంది. ఆ మాస్టర్ స్విచ్ ఎర్త్ వైరు, తలుపుకూ, అది వేలాడే ముందు పిల్లరుకూ (స్తంభానికీ) మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి బయటికి వెళ్తుంది. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది. స్పోర్ట్స్ కారు తలుపు పొడవు, బరువు రెండూ ఎక్కువే, పైగా ఉన్న రెండు తలుపులే అన్ని పనులకూ తెరుచుకోవాలి. 18 ఏళ్ల వంపులు ఆ వైరు మీద ఎంత పనిచేసి ఉంటాయో ఊహించండి.

పానాపట్టు:

రాగితీగ గారు చెప్పిన సిద్ధాంతాన్ని నేను కాదనడం లేదు. అయితే మోటారు లోపలి తప్పును బయటి ఓల్టేజీ కొలత పట్టుకోలేదు. బ్రష్‌లు అరిగిన మోటారుకు 13 ఓల్టులు నిండుగా ఇచ్చినా అది నీరసంగానే తిరుగుతుంది. స్విచ్ నొక్కి పట్టుకుని, తలుపు లోపల మోటారు ఒంటి మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టినప్పుడు అద్దం ఒక్కసారిగా కదిలితే బ్రష్‌లు అంటుకోవడం లేదని అర్థం; దీనికి ఏ మీటరూ అక్కర్లేదు. పైగా ఆగిపోయిన మోటారు మీద పదే పదే స్విచ్ నొక్కితే లోపలి వేడి రక్షణ కరెంటును తెంచేస్తుంది, కొన్ని నిమిషాలు చల్లారితే గాని అది మళ్లీ పలకదు. ఆ మధ్యలో తీసుకున్న కొలతలన్నీ మనల్ని తప్పుదారి పట్టించేవే. ఈ సంగతి తెలియక వైరింగ్ మొత్తం విప్పినవారి తలుపులను తిరిగి కూర్చవలసి వచ్చింది నాకు.

నిదానం:

ఇద్దరూ కరెంటు గురించి, మోటారు గురించి మాట్లాడుతున్నారు. అద్దం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మోటారు చేసే పనిలో పెద్ద భాగం అద్దం బరువు మోయడం కాదు, అద్దం జారే గాడిలోని రబ్బరు బీడింగ్ పట్టును నెగ్గడం. ఎండకు ఎండి గరుకెక్కిన బీడింగ్‌లో అద్దం ఎలా జారుతుందో తెలుసుకోవాలంటే, ముందు అద్దాన్ని పైన టేపుతో గట్టిగా నిలబెట్టి, రెగ్యులేటర్ నుంచి దాని బోల్టులు విప్పి, రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ నడిపి చూడండి. అరచేతుల మధ్య అది ఒకే తీరుగా జారాలి. ఎక్కడైనా పట్టేస్తే, ఒక పక్కకు వాలితే, ఆ చోటే మీ మోటారును అలసిపోయేలా చేస్తోంది. బీడింగ్‌ను తడి గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. పెట్రోలియం గ్రీజు మాత్రం వద్దు, అది రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

ఫ్రేమ్ లేని తలుపుల్లో ఇంకొక చిక్కు ఉంది. హ్యాండిల్ లాగగానే అద్దం వేలెడు మందమైనా కిందికి దిగాలి, తలుపు మూశాక మళ్లీ ఎక్కి రబ్బరులో కూర్చోవాలి. స్విచ్ నొక్కితే చక్కగా నడిచే అద్దం, హ్యాండిల్ లాగినప్పుడు మాత్రం దిగకపోతే, తప్పు మోటారులో కాదు, తలుపు లాచ్ (గడియ) లోపల హ్యాండిల్ కదలికను పసిగట్టే మైక్రోస్విచ్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. దాన్ని అలాగే వదిలేసి తలుపును బలవంతంగా లాగుతూ ఉంటే పైకప్పు రబ్బరు చిరిగిపోతుంది, అద్దం అమరిక చెదురుతుంది.

రెండుతలుపులు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు రోజులు తలుపు దగ్గరే కూర్చున్నాను. హ్యాండిల్ లాగితే అద్దం నెమ్మదిగానైనా దిగుతోంది కనుక లాచ్‌ను పక్కన పెట్టాను. మోటారును తట్టి చూశాను, ఏ మార్పూ లేదు. తర్వాత కప్లర్ బిగించి, ఇంజను నడుపుతూ కొలిచాను.

బ్యాటరీ దగ్గర 13.9 ఓల్టులు ఉంది. అద్దం ఎక్కుతున్నప్పుడు మోటారు వైర్ల మధ్య 10.6 మాత్రమే వచ్చింది. ప్లస్ వైపు 0.6 పోతోంది. ఎర్త్ వైపు 2.7 పోతోంది. మొత్తం సరిపోయింది.

అప్పుడు ఒక స్నేహితుడిని స్విచ్ నొక్కి పట్టుకోమని, నేను మీటరు మీద కన్నుంచి తలుపును మెల్లగా మూస్తూ వచ్చాను. తలుపు సగానికి రాగానే 2.7 కాస్తా 1.4కు దిగింది; మళ్లీ పూర్తిగా తెరిస్తే మూడు దాటింది, అద్దం నిలబడిపోయింది. ఆ అంకె తలుపుతో పాటు కదులుతుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదనిపించింది. పిల్లరు వైపు రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి చూస్తే లావుపాటి నల్ల వైరు తొడుగు ఒకచోట అడ్డంగా పగిలి ఉంది, అక్కడ గోధుమ రంగుకు తిరిగి ఉంది. గోటితో విప్పితే లోపలి రాగి పచ్చబడి, పోగులు చాలావరకు పొడిపొడిగా రాలిపోయాయి. నాలుగైదు పోగులు మాత్రమే ఇంకా పట్టుకుని ఉన్నాయి.

పానాపట్టు:

వైరు దొరికినందుకు సంతోషం. పక్క సీటు అద్దం సంగతి నేను చదివి కూడా దాటేశాను, అది నా పొరపాటే. అయినా నా మాటలో ఒక భాగాన్ని నిలబెట్టుకుంటాను. నెలల తరబడి తక్కువ ఓల్టేజీతో ఈడ్చుకుంటూ, ఆగిపోతూ నడిచిన మోటారు లోపల ఎంతో కొంత దెబ్బతినే ఉంటుంది. ప్యాడ్ విప్పి ఉండగానే మార్చుకోవడం ఇప్పటికీ తెలివైన పని అనే నా అభిప్రాయం.

రాగితీగ:

మార్చాలా వద్దా అన్నది వైరు బాగుచేశాక మోటారే చెబుతుంది. అంతవరకు ఆగడంలో నష్టం లేదు. కాని వైరును ఇలాగే ఉంచి కొత్త మోటారు బిగించి ఉంటే ఏమయ్యేదో చూడండి. 7 ఆంపియర్ల దగ్గర 2.7 ఓల్టుల పతనమంటే ఆ నాలుగైదు పోగుల చోట దాదాపు 19 వాట్ల వేడి. తొడుగు గోధుమ రంగుకు తిరగడానికి కారణం అదే. కొత్త మోటారు బిగించినా కరెంటు ఆ పోగుల గుండానే పోవాలి, అవి ఒక్కొక్కటే తెగుతున్న కొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. ఫ్యూజ్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే ప్రవహించే కరెంటు ఫ్యూజ్ హద్దులోనే ఉంటుంది. డబ్బు వృథా కావడం కంటే నన్ను కలవరపెట్టేది ఇదే.

వంపు ఉన్నచోట అతుకు వేయకండి. సోల్డరు వేసిన చోట వైరు బిరుసెక్కి, దాని అంచు దగ్గర మళ్లీ తెగుతుంది. మెత్తని, సన్నని పోగులున్న అదే మందం వైరు ముక్కను గొట్టం పొడవునా కొత్తగా లాగి, అతుకులు రెండూ వంగని చోట, ఒకటి తలుపు లోపల, ఒకటి పిల్లరు లోపల, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో నొక్కి బిగించి) వేడికి ముడుచుకునే తొడుగు ఎక్కించండి. పక్కనున్న వైర్లను కూడా ఒక్కొక్కటిగా వంచి చూడండి.

ఇది చదివే ఇతరులకు ఒక హెచ్చరిక. కొత్త తరం కార్లలో స్విచ్ మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వదు, తలుపులోని ఎలక్ట్రానిక్ పెట్టె అయిన డోర్ మాడ్యూల్‌కు సంకేతం మాత్రమే పంపుతుంది. మాడ్యూల్ అతికి ఉన్న మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా 12 ఓల్టులు అంటించి పరీక్షించకూడదు. అటువంటి బండిలో బ్యాటరీ తీసి పెట్టాక అద్దం పూర్తిగా ఎక్కకపోతే, అది పాడైందని కాదు, తన పై హద్దును మరిచిందని అర్థం కావచ్చు. యజమాని పుస్తకంలో చెప్పినట్టు స్విచ్‌ను పై కొసన కొన్ని సెకన్లు పట్టి ఉంచితే చాలాసార్లు మళ్లీ నేర్చుకుంటుంది.

నిదానం:

మూసే ముందు లోపలి ప్లాస్టిక్ షీటును పాత జిగురుతో సరిపెట్టకుండా కొత్త బ్యూటైల్ టేపుతో చుట్టూ అతికించండి. కొన్ని కార్లలో పక్క ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌కు సంకేతమిచ్చే సెన్సరు తలుపు లోపలి గాలి ఒత్తిడినే కొలుస్తుంది. ఆ షీటు సరిగా లేకపోతే కొలత తప్పుతుంది. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలను కూడా పుల్లతో పొడిచి చూడండి.

రెండుతలుపులు:

చెప్పినట్టే చేశాను. ఇప్పుడు ఎర్త్ వైపు 0.2, ప్లస్ వైపు 0.7, మోటారు దగ్గర 13.0 ఓల్టులు. పక్క సీటు అద్దం, దాని తలుపును ముట్టుకోకుండానే, మునుపటి వేగానికి వచ్చింది. డ్రైవరు వైపు 11 సెకన్లు 6కు తగ్గాయి కాని, చివరి జానెడు దగ్గర ఇంకా కొంచెం బరువుగా ఉండడంతో నిదానం గారు చెప్పినట్టు అద్దాన్ని విడదీసి చేత్తో నడిపాను. వెనుక బీడింగ్ పై భాగంలో ఎండిపోయిన మట్టి ఒక గట్టులా పేరుకుని ఉంది. దాన్ని తుడిచి సిలికాన్ కొట్టాక 4 సెకన్లకు వచ్చింది. పాత మోటారే నడుస్తోంది. పానాపట్టు గారి మాటను మరిచిపోకుండా, ప్రతి నెలా అదే గడియారంతో ఎక్కే సమయం చూసి రాసుకుంటాను. అది 6 దాటిన రోజున మళ్లీ ఇక్కడికే వచ్చి చెబుతాను.