గడ్డ రూపాన్ని బట్టి రొమ్ము క్యాన్సర్ ప్రోగ్నోసిస్ (జబ్బు మున్ముందు ఎలా సాగుతుందన్న అంచనా) చెప్పవచ్చా?

అడిగినవారు (రోగి కుమార్తె):
మా అమ్మకు 61 ఏళ్లు. కుడి రొమ్ములో 1.8 సెంటీమీటర్ల గడ్డ ఉంది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో గడ్డ అంచులు ముళ్లలా ఉన్నాయనీ, దాని వెనుక నల్లటి నీడ పడుతోందనీ, చంకలోని లింఫ్ గ్రంథులు మామూలుగానే ఉన్నాయనీ రాశారు. బయాప్సీలో క్యాన్సరేనని తేలింది గానీ, రిసెప్టర్ల (క్యాన్సర్ కణాల్లో హార్మోన్ల వంటి సంకేతాలను అందుకునే ప్రోటీన్ల) ఫలితం ఇంకా రాలేదు. ‘ముళ్లు’ అన్న మాట చదివిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ వర్ణనను బట్టి జబ్బు ఎంత తీవ్రమో చెప్పవచ్చా?

రేడియాలజిస్టు:
కొంతవరకు చెప్పవచ్చునన్నది నా అభిప్రాయం, అయితే మీరు భయపడిన దిశలో కాదు. నెమ్మదిగా పెరిగే గడ్డ చుట్టూ నారకణజాలం ముడుచుకుని ముళ్లలా తయారవుతుంది, అది ధ్వనిని పీల్చుకోవడం వల్లే వెనుక నీడ పడుతుంది. హార్మోన్ రిసెప్టర్లున్న, తక్కువ గ్రేడ్ (కణాలు మామూలు కణాలకు కాస్త దగ్గరగా ఉండే) క్యాన్సర్లలో ఈ రూపం ఎక్కువగా కనిపిస్తుంది. ట్రిపుల్ నెగటివ్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్-2 రిసెప్టర్లు మూడూ లేని) గడ్డలు మాత్రం వేగంగా, కణాలతో కిక్కిరిసి పెరుగుతాయి కాబట్టి, చాలాసార్లు నున్నటి అంచులతో, వెనుక నీడకు బదులు వెలుగుతో, మామూలు ఫైబ్రోఎడినోమాలా (క్యాన్సర్ కాని గడ్డలా) కనిపించి మమ్మల్నే ఏమారుస్తాయి.

ఆంకాలజిస్టు:
డాక్టరు గారు చెప్పిన పోలిక నిజమే కానీ, దాన్ని ప్రోగ్నోసిస్ అనడానికి నేను ఒప్పుకోను. ముళ్ల అంచు చెప్పేది గడ్డ స్వభావం గురించి. ఆ స్వభావాన్ని రిసెప్టర్లు, గ్రేడ్ ఇంకా సూటిగా చెబుతాయి, కనుక ఆ ఫలితాలు చేతికొచ్చాక రూపం కొత్తగా చెప్పేది చాలా తక్కువ. 2018 నుంచి అమల్లో ఉన్న ఏజేసీసీ (క్యాన్సర్ దశలను నిర్ణయించే అమెరికా సంఘం) ఎనిమిదో కూర్పు స్టేజింగ్‌లో గ్రేడ్, ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్), పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్), హెర్-2 చేరాయి గానీ, గడ్డ అంచులకూ నీడకూ చోటు లేదు. పైగా ఒకే గడ్డ అంచును ఇద్దరు రేడియాలజిస్టులు రెండు రకాలుగా వర్ణించడం మనకు కొత్త కాదు.

రేడియాలజిస్టు:
గడ్డ విషయంలో తగ్గుతాను, చంక విషయంలో తగ్గను. ఇటలీలో మొదలైన ‘సౌండ్’ అనే క్లినికల్ ట్రయల్‌లో 2 సెంటీమీటర్లలోపు గడ్డ ఉండి, చంక అల్ట్రాసౌండ్‌లో అనుమానం లేని స్త్రీలలో సగం మందికి సెంటినెల్ నోడ్ బయాప్సీ (క్యాన్సర్ మొదట చేరే చంక గ్రంథులను తీసి పరీక్షించడం) చేశారు, మిగిలిన సగానికి చంకలో కత్తే పెట్టలేదు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం, 1,405 మందిలో ఐదేళ్లపాటు దూర అవయవాలకు జబ్బు పాకకుండా బతికినవారు బయాప్సీ వర్గంలో 97.7 శాతం, రెండో వర్గంలో 98.0 శాతం. స్కాన్‌ను నమ్మి శస్త్రచికిత్స మానుకున్నా నష్టం జరగలేదంటే, ఆ స్కాన్‌కు విలువ లేదని ఎలా అంటాం?

ఆంకాలజిస్టు:
అదే ట్రయల్‌లో బయాప్సీ చేయించుకున్నవారిలో 13.7 శాతం మంది గ్రంథుల్లో క్యాన్సర్ దొరికింది, అంటే స్కాన్‌కు అది కనబడలేదు. అయినా ఫలితం బాగుందంటే, స్కాన్ గొప్పతనంతోపాటు రేడియేషన్, మందుల పాత్రనూ లెక్కలోకి తీసుకోవాలి. పాల్గొన్నవారిలో అత్యధికులు ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగటివ్ రోగులు. ట్రిపుల్ నెగటివ్ ఉన్న 35 ఏళ్ల స్త్రీకి ఆ లెక్కను వర్తింపజేయడానికి నేనైతే సాహసించను. అమ్మా, మీ రిపోర్టులో గ్రంథుల కార్టెక్స్ (బయటి పొర) మందం రాశారేమో చూడండి. 3 మిల్లీమీటర్లు దాటితే, లేదా గ్రంథి మధ్యలోని కొవ్వు భాగం కనిపించకపోతే సూదితో పరీక్షించాల్సి రావచ్చు.

అడిగినవారు:
‘మామూలుగానే ఉన్నాయి’ అని తప్ప కొలత ఏదీ లేదండీ. రిసెప్టర్ల ఫలితం గురువారం వస్తుందన్నారు; ఆలోగా స్కాన్ తీసినచోటికి వెళ్లి కొలత రాసివ్వమని అడుగుతాను.