గంట పోత పోస్తుంటే దగ్గర్నుంచి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

మా ఊరి రామాలయంలో గంటకి పగులొచ్చింది. ఖంగుమనాల్సింది కాస్తా తపేలా మీద గరిటెతో కొట్టినట్టు మోగుతోంది. కొత్తది చేయించే పని నా నెత్తిన పడింది. ఆన్‌లైన్‌లో కొనేస్తే పోతుంది గానీ, పోత పోస్తుండగా చూడాలని నాకూ, ఏడో క్లాసు చదివే మా వాడికీ ఎప్పట్నుంచో సరదా. ఉండేది హైదరాబాద్ కాబట్టి పెంబర్తి అనుకుంటున్నా. చూడనిస్తారా? పాతదానికే అతుకు వేయించొచ్చా?

గోదారిగట్టు: పెంబర్తి తప్పకుండా చూడాల్సిన ఊరే, కానీ అక్కడ పేరున్నది రేకు మీద నగిషీ పనికండీ, పోతకి కాదు. మా వైపు అజ్జరం రండి, తణుకు దగ్గర పెరవలి మండలం. బిందెలు, గుండిగలు, గుడి గంటలు అన్నీ చేస్తారు. ఏ రోజు పోస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నేను ఒకసారి ఒక చోటికి చెప్పకుండా వెళ్తే ఆ రోజంతా మట్టి పనే. అయినా కదల్లేకపోయాను. లోపల మట్టి దిమ్మ, దాని మీద గంట ఎంత మందం ఉండాలో అంత మందాన మైనం, ఆ పైన వస్త్రగాళితం పట్టినంత మెత్తటి మట్టి పూత, అది ఆరాక మళ్లీ ముతక మట్టి. కాలిస్తే మైనం కారిపోయి, ఆ సందులోకి కరిగిన లోహం పోస్తారు. అచ్చులో చెమ్మ మిగిలితే గంటకి బుడగలొస్తాయట, అందుకే ఆరబెట్టడం దగ్గర ఎవరూ తొందరపడరు.

రాగిచెంబు: వెళ్లగానే కంచా, ఇత్తడా అని అడగండి. రాగిలో జింక్ కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. నాదం కావాలంటే కంచే, సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. తగరం అంత పడితే మోత బాగుంటుంది గానీ పెళుసు, కింద పడితే మీ గంటలాగే అవుతుంది. అతుకు మాట మర్చిపోండి, పాత నాదం రాదు. పాతది తూకం వేయించి, కరిగించి కొత్తదాంట్లో కలపమనండి, ఊళ్లో పెద్దవాళ్లు కూడా సంతోషిస్తారు. ఇంకోటి, ఇత్తడి కరిగిస్తుంటే పిల్లాణ్ణి దూరంగా ఉంచండి. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, జింక్ 907 దగ్గరే మరిగిపోతుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే.

సిక్కోలు: మా బుడితిని ఎవరూ తలవరేంటి? శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం. కంచు, ఇత్తడి పనికి జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. కాకపోతే మీకు దూరం.

అడిగినవాడు: అజ్జరమే ఖాయం చేశాను, ఫోన్ చేసి రోజు కనుక్కుంటా. పాత గంట 30 కేజీల పైనే ఉంది, బస్సులో తీసుకెళ్లాలి.

గోదారిగట్టు: నాలిక ఊడదీసి పెట్టుకోండి, లేకపోతే తెల్లవార్లూ బస్సులో హారతే.