మొదలు జూచిన కడుగొప్ప: తర్వాతా, తరువాతా?

గోదారిగట్టు: తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి జూన్‌లో ఓ కొత్త స్నేహితురాలు దొరికింది. వారం తిరిగేసరికి ఇద్దరికీ ఒకే రకం జడ, ఒకే రంగు రబ్బరు బ్యాండు, రాత్రి పదింటిదాకా వాయిస్ మెసేజులు. దసరా సెలవులకి కటీఫ్. వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేసిందట. చెడ్డవాళ్ళ స్నేహం పొద్దుటి నీడలా మొదట పొడుగ్గా ఉండి తగ్గిపోతుందనీ, మంచివాళ్ళది సాయంత్రపు నీడలా పెరుగుతుందనీ చెప్పే ఏనుగు లక్ష్మణకవి నీడ పద్యం చెప్పబోయి రెండో పాదంలో ఆగిపోయాను. ‘ఆది కొంచెము తరువాత నధికమగుచు’ అనా, ‘తర్వాత’ అనా? చివర ‘ఖల సజ్జనుల మైత్రి’యే కదా?

ఛందోప్రియ: ఖల కాదండీ, కుజన. పద్యం ఇదీ: ‘మొదలు జూచిన కడుగొప్ప పిదప కుఱుచ / ఆది కొంచెము తర్వాత నధికమగుచు / తనరు దినపూర్వ పరభాగ జనితమైన / ఛాయపోలిక కుజన సజ్జనుల మైత్రి’. ‘ఖలసజ్’ సగణం (రెండు పొట్టి అక్షరాలు, ఒక పొడుగు), ఈ పద్యం నడిచే తేటగీతి ఛందస్సులో అక్కడ ఇంద్రగణం (ఆరు రకాల్లో ఏదో ఒకటి) పడాలి. ‘కుజనసజ్’ నగం, ఇంద్రగణమే, సరిపోతుంది. ‘ఛాయేవ మైత్రీ ఖలసజ్జనానామ్’ అన్న భర్తృహరి సంస్కృత మూలం మీ నోట్లో కలిసిపోయినట్టుంది.

పాతపుస్తకం: తరువాతే. మా మాష్టారు అలాగే వల్లె వేయించారు.

ఛందోప్రియ: మాష్టారి మీద గౌరవమే కానీ, ‘తర్వాత’ తగణం (పొడుగు, పొడుగు, పొట్టి), ‘తరువాత’ సలం (పొట్టి, పొట్టి, పొడుగు, పొట్టి). రెండూ ఇంద్రగణాలే, నడుస్తాయి. నా చెవికి మాత్రం ‘ర్వా’ దగ్గర పాదం సాగాలి. అక్కడ పెరిగేది సాయంత్రపు నీడ మరి.

పాతపుస్తకం: చెవి సంగతి వదిలేయండి. కడుగొప్ప, దినపూర్వ, పరభాగ అన్నీ సలాలే. కవి చెయ్యి సలం మీద ఆడుతుంటే మధ్యలో తగణం ఎందుకు వేస్తాడు?

వేపచెట్టు: మొదలు–పిదప, తనరు–జనిత ప్రాసయతులు (పాదం మొదటి మాటకీ మధ్యలో మాటకీ రెండో అక్షరం కలవడం) చూశారా? ఎంత అలవోకగా పడ్డాయో! అదే భర్తృహరిని తెనిగించిన మరో కవి ఏలకూచి బాలసరస్వతి అయితే పద్యాల చివర వచ్చే ‘సురభిమల్లా నీతివాచస్పతీ’ అనే మకుటానికే బోలెడు చోటు ఇచ్చేయాలి.

పాతపుస్తకం: బాలసరస్వతిని అలా తీసిపారేయకండి. శార్దూల వృత్తంలో ఆయన ఊపు వేరు.

సుద్దముక్క: నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈ పద్యం మొదలెట్టగానే వెనకబెంచీ పిల్లలు ఒకరికొకరు వేలు చూపించుకుని ‘కుజన’ అని నవ్వుకుంటారు. ఆ వయసు స్నేహాలకి కుజనులూ సజ్జనులూ ఏమిటండీ? మార్కుల్ని బట్టి సెక్షన్లు మారిస్తే బెంచీ పోతుంది, లంచ్‌బాక్సులో చెరిసగం పోతుంది, రెండు వారాల్లో మాటలూ తగ్గుతాయి. అమ్మాయికి లక్ష్మణకవిదే, మంచి మిత్రుడి లక్షణాలు చెప్పే ‘అఘమువలన మరల్చు’ (చెడు నుంచి మళ్ళిస్తాడు) పద్యం చెప్పండి. అందులో ‘గోప్యంబు దాచు’ వాళ్ళకి ఇట్టే అందుతుంది. స్క్రీన్‌షాట్ తీసి వేరే గ్రూపులో పెట్టనివాడే మిత్రుడు.

ఛందోప్రియ: బాగుంది. ‘జేయు, గోప్యంబు దాచు, బోషించు గుణము’ అన్న ఆ పాదంలో యతి (మొదటి అక్షరానికి మధ్యలో అక్షరం జతపడటం) గమనించారా? ‘జేయు’కి ‘షించు’. చాలామంది ‘పోషించు’లో ‘పో’ దగ్గర వెతికి తికమకపడతారు.

వేపచెట్టు: తికమకపడేవాళ్ళు ఈ గుంపులో ఎవరున్నారండీ?

పాతపుస్తకం: నాకు అందులోనే ‘విడువఁ డాపన్ను’ (ఆపదలో ఉన్నవాణ్ణి విడవడు) ఇష్టం. గ్రూపులోంచి తీసేశాక కూడా విడిగా ఫోన్ చేసి ‘ఏమైందే?’ అని అడిగే పిల్ల ఒక్కతి ఉండే ఉంటుంది. ఎవరో కనుక్కోండి.

ఛందోప్రియ: ‘ఆపన్ను’ ద్వితీయా విభక్తి (‘ఆపన్నుణ్ణి’ అని అర్థం) అని ఒప్పుకుంటున్నారన్నమాట. పోయినసారి కాదన్నారు.